ఎడమ వైపు తిమింగలం

ఈడెన్
12 నవంబర్ 2024

అక్కా,

ఎన్నిసార్లు ఫోన్ చేశానో నాకే గుర్తులేదు. నువ్వు తియ్యవని తెలిసే చేస్తున్నాను. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు రావడం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. చించెయ్యాలన్నా ఒకసారి చేత్తో పట్టుకోవాలి కదా.

బావ పదమూడో రోజుకి నేను వచ్చాను. మీ గరాజ్‌లో వేసిన కుర్చీల్లో వెనక వరసలో కూర్చున్నాను. చూశావో లేదో తెలియదు. శ్రీలేఖ నా పక్కకొచ్చి, "పిన్నీ" అని నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. మీ పక్కింటి సీతారావమ్మ ఆంటీ కాఫీ చేతికిస్తూ, "నువ్వేనా అమ్మా ఆ బోట్‌లో జాబ్ చేసేది?" అన్నారు. ఆవిడ మామూలుగానే అడిగారు. నేనే కప్పు అక్కడ పెట్టేసి లేచి వచ్చేశాను.

టూరిస్టులకి తిమింగలాల్ని చూపించే మా బోటు రేవులో కట్టేసి ఉంది. పోలీసులు పసుపు టేపు చుట్టి వెళ్ళారు. తిమింగలాలు మాత్రం ఇంకా పోతూనే ఉన్నాయి, ఈ ఏడాది పుట్టిన పిల్లల్ని వెంటేసుకుని దక్షిణానికి. మా వరండాలోంచి కనిపిస్తాయి. ఆ వైపు తలుపు తియ్యడం మానేశాను.

బావ మూడేళ్ళుగా అడుగుతున్నారు, "భానూ, నీ తిమింగలాల్ని నాకెప్పుడు చూపిస్తావ్?" అని. అక్టోబర్ లాంగ్ వీకెండ్‌కి బావనీ శ్రీలేఖనీ రమ్మన్నది నేనే. ఆ మాట ఎక్కడికీ పోదు.

ఆ ఆదివారం సంగతి ఇప్పుడు రాయలేను. ఎవరితోనూ మాట్లాడొద్దని కంపెనీ లాయరు చెప్పాడు. ఒక్కటి మాత్రం రాస్తాను. బావకి నొప్పి తెలియలేదు. పడేటప్పుడే తలకి దెబ్బ తగిలింది.

శ్రీలేఖ ఎలా ఉంది?

నీ చెల్లెలు
భాను


స్కోఫీల్డ్స్
1 డిసెంబర్ 2024

భానూ,

చించలేదు. ఫోన్లో నీ గొంతు వింటే నేను అడగాల్సినవి అడగలేను. కాబట్టి నువ్వు మొదలుపెట్టినట్టే కాగితం మీదే కానిద్దాం.

నువ్వు పోలీసులకిచ్చిన వాంగ్మూలం కాపీ నాకు వచ్చింది. "పెద్ద కెరటం వచ్చింది, ఆయన తూలి పడిపోయారు." రెండు వాక్యాల్లో మా ఆయన్ని ముగించావు. ఆయన్ని నీకు పద్ధెనిమిదేళ్ళుగా తెలుసు. మాన్లీ వెళ్ళే ఫెర్రీ పడవ ఎక్కితే మధ్య వరసలో కూర్చునే మనిషి. మన నరసాపురంలో పంటు మీద గోదావరి దాటుతున్నప్పుడు కూడా స్కూటర్ హ్యాండిల్ వదలని మనిషి. ఆయన పడవ అంచుకి ఎందుకు వెళ్ళాడు? ఎవరు రమ్మన్నారు? నువ్వు ఆయనకి ఎంత దూరంలో ఉన్నావు? ఈ మూడింటికి జవాబు కావాలి. మీ లాయరుకి కాదు, నాకు.

అస్థికలు ఆయన అన్నయ్య ఆనందరావుగారు తీసుకెళ్ళి వలంధర రేవు దగ్గర గోదావరిలో కలిపారు. ఇక్కడే సముద్రంలో కలపొచ్చని పంతులుగారన్నారు. సముద్రం ఒకసారి తీసుకున్నది చాలన్నాను.

శ్రీలేఖ ఒక్క కన్నీటి చుక్క పెట్టలేదు. స్కూల్ నుంచి వచ్చి యూనిఫాం విప్పకుండా మంచం మీద కూర్చుంటుంది. పలకరిస్తే "ఐయామ్ ఫైన్, అమ్మా" అంటుంది. దుఃఖం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుందని నా పేషెంట్లకి నేనే చెబుతుంటాను.

జవాబు రాయి.

జ్ఞానప్రసూన


ఈడెన్
14 డిసెంబర్ 2024

అక్కా,

నీ మూడు ప్రశ్నలకీ జవాబు.

అంచుకి ఎందుకు వెళ్ళారు: తిమింగలాన్ని చూడటానికి. ఎవరు రమ్మన్నారు: నేనే. మైకులో అందరినీ పడవ ముందుకు రమ్మన్నాను. తల్లీపిల్లా రెండూ దగ్గర్లో తేలాయి. ఎంత దూరం: ఏడెనిమిది అడుగులు. అల వచ్చింది. పట్టుకోలేకపోయాను.

తప్పు నాదే, అక్కా. ఇంకెవరిదీ కాదు. కెప్టెన్ గ్రేమ్‌ది కూడా కాదు. అతను ముప్పై ఏళ్ళుగా ఈ తీరంలో పడవ నడుపుతున్నాడు, ఒక్కరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు రోజూ వచ్చి రేవులో ఊరికే కూర్చుంటున్నాడు. మొన్న నన్ను చూసి, "యూ ఈటింగ్, లవ్?" అన్నాడు. తింటున్నానన్నాను. ఈ ఊళ్ళో వాళ్ళు మా గుమ్మం ముందు వంటకాలు పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోతున్నారు. ఎవరు పెట్టారో తెలియక గిన్నెలు తిరిగి ఇవ్వలేకపోతున్నాను.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. శ్రీలేఖని ఆ రోజు గురించి అడక్కు. దాన్ని నాతో అప్పుడప్పుడు మాట్లాడనివ్వు. నీకు అడగాలనిపించినవన్నీ నన్నే అడుగు. ఎన్నిసార్లైనా రాస్తాను.

భాను


స్కోఫీల్డ్స్
9 ఫిబ్రవరి 2025

భానుశ్రీకి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలవుతోంది. నాలుగైదుసార్లు చదివాను. ప్రతిసారీ చివరి పేరా దగ్గరే ఆగిపోతున్నాను. "శ్రీలేఖని అడక్కు." ఎందుకు అడక్కూడదు? అది అక్కడే ఉంది. తండ్రి ఎలా పోయాడో చూసిన పిల్లని తల్లి అడక్కూడదా?

అడిగాను. సంక్రాంతి రోజున వంటింట్లో కూరలు తరుగుతూ, మామూలుగా, "ఆ రోజు నాన్న ఎక్కడ నిలబడ్డారు?" అన్నాను. దాని చేతిలోని గిన్నె జారి పడింది. "ఆస్క్ పిన్ని" అని గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ తర్వాత దాని ఫోన్ తీసి చూశాను. తప్పే, చూశాను. ఆ ఆదివారం తీసిన ఫోటోల్లో ఒక్కటీ లేదు. మొత్తం చెరిపేసింది. నీకు మాత్రం నెలలో నలభై ఒక్కసార్లు కాల్ చేసింది.

ఇప్పుడు అర్థమైంది. ఆ ఫోటోల్లో ఏముందో నీకు తెలుసు. నువ్వే తీసేయమన్నావు. నీ ఉద్యోగం కోసం, మీ కంపెనీ కోసం, పదహారేళ్ళ పిల్ల చేత అబద్ధాలాడిస్తున్నావు. నీ నంబరు దాని ఫోన్లో బ్లాక్ చేశాను. మళ్ళీ దానితో మాట్లాడావని తెలిస్తే పోలీసులకి చెబుతాను. ఈ చావు మీద విచారణ చేసే కరోనర్ కోర్టుకి కూడా రాశాను, నీ వాంగ్మూలం మీద నాకు నమ్మకం లేదని.

నిన్ను ఈ దేశం రప్పించింది ఆయన. నువ్వు యూనివర్సిటీలో చేరినప్పుడు బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో చలిలో రెండు గంటలు నిలబడ్డాడు, నువ్వు దారి తప్పుతావేమోనని. అది గుర్తుంచుకో.

జ్ఞానప్రసూన


ఈడెన్
2 మార్చి 2025

అక్కా,

ఫోటోలు తీసెయ్యమని నేను చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు. అది చెరిపేసిందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

నా నంబరు బ్లాక్ చెయ్యి, పర్వాలేదు. కానీ ఎవరో ఒకరితో దాన్ని మాట్లాడించు. స్కూల్లో కౌన్సెలర్ ఉంటారు కదా. నువ్వు డాక్టరువి, నీకు నేను చెప్పేదేముంది. దాన్ని కొంచెం కనిపెట్టి చూడు. తింటోందా? జనవరిలో మాట్లాడినప్పుడు "ఐయామ్ నాట్ హంగ్రీ ఎనీమోర్, పిన్నీ" అంది. అది అన్న తీరు నాకు నచ్చలేదు. అన్నం తింటున్నప్పుడు ఎదురుగా కూర్చో.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. బాధపడటం లేదు. ఇక మైకు పట్టుకోగలనని అనుకోను. ఇక్కడి సూపర్ మార్కెట్‌లో పళ్ళు సర్దే పనికి వెళ్తున్నాను. పొద్దున్నే లారీ వస్తుంది, పెట్టెలు దింపుకోవడంతో సరిపోతుంది. మాట్లాడక్కర్లేదు.

కోర్టుకి రాసినందుకు నీ మీద నాకు కోపం లేదు. నీ స్థానంలో ఉంటే నేనూ రాసేదాన్ని. శ్రీలేఖని మాత్రం చూసుకో.

భాను


స్కోఫీల్డ్స్
11 మే 2025

భానుశ్రీకి,

పిల్లకి తిండెలా పెట్టాలో నువ్వు నాకు నేర్పుతావా? కనని దానివి, పెంచని దానివి. నీ ఉత్తరం చదివి ఆ కోపంతో రెండు నెలలు ఊరుకున్నాను. ఆ మాట అనే హక్కు ఇప్పుడు నాకు లేదు. ఎందుకంటే నువ్వు చెప్పిందే జరిగింది.

మంగళవారం మ్యాథ్స్ పరీక్షలో శ్రీలేఖ బల్ల మీంచి పక్కకి ఒరిగిపోయింది. స్కూల్ వాళ్ళే అంబులెన్స్ పిలిచారు. నేను వెళ్ళేసరికి ఎమర్జెన్సీలో గౌను వేసి పడుకోబెట్టారు. ఆ గౌనులో దాన్ని చూశాను భానూ. ఏడు నెలలుగా వదులు చొక్కాల్లో తిరుగుతుంటే ఈ కాలం పిల్లల ఫ్యాషన్ అనుకున్నాను. ముప్పై ఏడు కిలోలుంది. గుండె నిమిషానికి నలభై సార్లు కొట్టుకుంటోంది. రోజుకి ముప్పై మంది పేషెంట్లని చూసే డాక్టర్ని నేను. టిఫిన్ బాక్సు ఖాళీగా వస్తుంటే తింటోందనే అనుకున్నాను. స్కూల్ చెత్తబుట్టలో పోసేస్తోందట.

ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పట్టిస్తున్నారు. ఎవరితోనూ మాట్లాడదు. అక్కడి పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఈజ్ దేర్ సంథింగ్ షీ కాంట్ సే?" అని అడిగింది. తండ్రి పోయాడని చెప్పాను. "బియాండ్ దట్?" అంది.

విచారణ ఆగస్టులో అని కరోనర్ కోర్టు నుంచి ఉత్తరం వచ్చింది. నిన్ను పిలుస్తారు. అక్కడ అందరి ముందూ నిన్ను అడిగిస్తాను. అప్పటిదాకా నా కూతురు ఉంటే.

జ్ఞానప్రసూన


ఈడెన్
15 మే 2025

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నీ ఫోన్లోనూ నా నంబరు ఆపేశావు, క్లినిక్‌కి ఫోన్ చేస్తే నువ్వు సెలవులో ఉన్నావన్నారు, ఏ ఆస్పత్రో చెప్పలేదు. ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపిస్తున్నాను. శ్రీలేఖకి ఇచ్చిన మాట తప్పుతున్నాను. ఇంకా ముందే తప్పాల్సింది.

ఆ రోజు కెరటం వచ్చి బావ తూలి పడలేదు.

పడవ ముందు భాగంలో కుడి వైపున లైఫ్ జాకెట్లు పెట్టే పెట్టె ఉంటుంది, మోకాలెత్తు. దాని మీద ఎవరూ ఎక్కకూడదు. రేవు దాటగానే మైకులో ప్రతి ట్రిప్పుకీ నేను చెప్పే మొదటి మాట అదే. ఆ రోజూ చెప్పాను. ఎర్ర కొండచరియలు దాటి గంట పోయాక తల్లీపిల్లా కనిపించాయి. శ్రీలేఖ వీడియో తీసుకోవడానికి ఆ పెట్టె ఎక్కింది. నేను చూశాను. అది నన్ను చూసి చెయ్యి ఊపింది. పరాయి పిల్లయితే, "హాప్ డౌన్, ప్లీజ్" అని గట్టిగా అరిచేదాన్ని. నా పిల్ల కదా, అంత ఆనందంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. నవ్వి, బొటనవేలు ఎత్తి చూపించాను.

అంతలో పిల్ల తిమింగలం ఎడమ వైపు ఎగిరింది. మిగతా ముప్పై ఒక్క మంది ప్రయాణికులూ కేకలు వేస్తూ ఎడమ వైపుకి పరిగెత్తారు. గ్రేమ్ కూడా అటే చూస్తున్నాడు. బరువంతా అటు పడేసరికి పడవ ఒరిగింది, వెంటనే కింద నుంచి నీటి పొంగు వచ్చి కుడి వైపుకి విసిరింది. శ్రీలేఖ నడుము దాకా కమ్మీ బయటికి వెళ్ళిపోయింది. బావ మధ్యలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు, నువ్వు చెప్పినట్టే, రెండు చేతులతో పట్టుకుని. ఆయన లేవడం నేను చూడలేదు. అంత వేగంగా వచ్చారు. దాని జాకెట్ టోపీ పట్టుకుని వెనక్కి లాగారు. అది డెక్ మీద పడింది. ఆ ఊపుకి ఆయన బయటికి వెళ్ళిపోయారు.

నేను దూకాను. నీళ్ళు పదిహేను డిగ్రీలు, ఊపిరి ఆగిపోయినట్టయింది. ఆయన్ని పట్టుకున్నాను. పడవ తిరిగి మా దగ్గరికి వచ్చి ఇద్దర్నీ పైకి లాగేసరికి పద్ధెనిమిది నిమిషాలైంది. పైన గంటసేపు గుండె నొక్కాం. తలకి దెబ్బ తగిలిందని, నొప్పి తెలియలేదని రాశాను. అది నువ్వు నిద్రపోవాలని రాసింది.

తర్వాత క్యాబిన్‌లో, ఒంటికి వెండి కాగితంలాంటి దుప్పటి చుట్టుకుని, శ్రీలేఖ నా మణికట్టు పట్టుకుంది. "డోంట్ టెల్ అమ్మ. పిన్నీ, ప్లీజ్. షీ విల్ నెవర్ లుక్ ఎట్ మీ అగైన్." చెప్పనని మాటిచ్చాను. రేవులో పోలీసు అడిగితే కెరటం అన్నాను. ఆ మాటతో దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. నన్ను కూడా కాపాడుకున్నాను అక్కా, అది కూడా నిజం. పెట్టె సంగతి బయటికొస్తే నేను ఎత్తిన బొటనవేలి సంగతి కూడా రావాలి.

నలభై ఒక్కసార్లు అది ఫోన్ చేసింది ఒకే ఒక్క మాట అడగడానికి. "అమ్మకి చెప్పలేదు కదా?" ప్రతిసారీ చెప్పలేదన్నాను. అలా అన్నప్పుడల్లా ఆ బరువు దాని మీద ఇంకొంచెం పెడుతున్నానని నాకు తట్టలేదు. నువ్వు బ్లాక్ చేశాక అది ఎవర్ని అడిగి ఉంటుంది?

గ్రేమ్‌కి చెప్పాను. లాయరుకి చెప్పాను. రేపు పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. నువ్వు మాత్రం ముందు దాని దగ్గరికి వెళ్ళు.

భాను


స్కోఫీల్డ్స్
22 జూన్ 2025

భానూ,

నీ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయాలనుకోలేదు. ఎప్పటికీ రాయకూడదనే అనుకున్నాను.

దాన్ని ఆస్పత్రి కార్ పార్కులో చదివాను. చదివాక పైకి వెళ్ళలేకపోయాను. గంటన్నర కార్లోనే కూర్చున్నాను. ఎందుకో నీకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేను. అది భయపడ్డదే నిజమైంది. ఆ గంటన్నర నా కూతురి ముఖం చూడటం నాకు ఇష్టం లేకపోయింది. ఆ పెట్టె ఎందుకెక్కావే అని అరవాలనిపించింది. ఆయన బెంచీ మీద కూర్చునే ఉన్నాడు, పట్టుకునే ఉన్నాడు.

తర్వాత పైకి వెళ్ళాను. ట్యూబు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన కూర్చుని, "నాకు తెలుసమ్మా" అన్నాను. ఇటు తిరక్కుండానే "పిన్ని చెప్పిందా?" అంది. అక్టోబర్ తర్వాత నాతో అది తెలుగులో అన్న మొదటి మాట అదే. అవునన్నాను. "షీ ప్రామిస్డ్!" అని లేచి కూర్చుని అరవడం మొదలుపెట్టింది. నిన్ను తిట్టింది, నన్ను తిట్టింది, చేతికందిన నీళ్ళ గ్లాసు విసిరింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు. నేను వాళ్ళని ఆపాను. ఆ అరుపు మధ్యలో ఎక్కడో ఏడుపు మొదలైంది. ఏడు నెలల ఏడుపు. దాన్ని పట్టుకుంటే చేతికి ఎముకలు తగిలాయి.

ఏదో బాగైపోయిందనుకోకు. ఆ మర్నాడు ట్యూబు పీకేసుకుంది. వారం తర్వాత మళ్ళీ పీకేసింది. ఇప్పటికి మూడు కిలోలు పెరిగింది. గుండె దెబ్బతిందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు. పోయిన బుధవారం సోషల్ వర్కర్ని పక్కన కూర్చోబెట్టుకుని పోలీసులకి జరిగింది చెప్పింది. ఆ ఆఫీసరమ్మ రాసుకుని, "యువర్ డాడ్ మేడ్ ఎ చాయిస్, స్వీట్‌హార్ట్" అంది. శ్రీలేఖ ఆవిడ కేసి చూసి, "ఐ నో. దట్స్ ద ప్రాబ్లమ్" అంది.

తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు నీ మీద కేసు పెట్టే అవకాశం ఉందని ఆవిడే చెప్పింది. ఆపమని నేను అడగలేదు. అడగను కూడా. పెట్టె ఎక్కినప్పుడు దింపకపోవడాన్ని ఏదో ఒక రోజు మర్చిపోగలనేమో. అది నా పిల్ల కాబట్టి నవ్వి ఊరుకున్నావు, నేనైనా అంతే చేసేదాన్నేమో. కానీ ఆ ఏడు నెలలు? నా ఇంట్లో నా పిల్ల రోజూ కొంచెం కొంచెంగా చచ్చిపోతుంటే, సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కర్తివే ఉన్నావు. "ఎదురుగా కూర్చో" అని రాశావు. ఎందుకో రాయలేదు. నేనూ కళ్ళుండి చూడలేదు, అది నా పాపం. నీది నీది.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం వేరే ఉంది.

శ్రీలేఖ నీతో మాట్లాడనంటోంది. నీ పేరు ఎత్తితే దుప్పటి కప్పుకుంటోంది. కానీ నిన్న పొద్దున టోస్ట్ ముక్క చేత్తో పట్టుకుని, తినకుండా, నన్ను అడిగింది. "నీళ్ళల్లో పిన్ని నాన్నని పట్టుకుంది కదా. డిడ్ హీ సే ఎనీథింగ్?"

నాకు తెలియదన్నాను. ఆ జవాబు నీ ఒక్కదాని దగ్గరే ఉంది. ఆ పద్ధెనిమిది నిమిషాలు ఆయన దగ్గర ఉన్నది నువ్వే. తెలివిలో ఉన్నాడో లేదో, దాన్ని అడిగాడో, నన్ను పిలిచాడో, భయపడ్డాడో, ఏమీ అనలేదో. నాకు ఉత్తరంలో రాయకు. వచ్చి దానికి చెప్పు. అది నిద్రపోవాలని, నేను నిద్రపోవాలని ఒక్క మాట కూడా మార్చకు. ఎంత ఘోరంగా ఉన్నా సరే.

విజిటింగ్ టైం రెండు నుంచి ఐదు. శనివారం రా. బ్లాక్‌టౌన్ ఆస్పత్రి, పిల్లల వార్డు నాలుగో అంతస్తు, లిఫ్ట్ దిగి ఎడమ చేతి వైపు. రిసెప్షన్‌లో నీ పేరు రాయించాను. నాతో మాట్లాడటానికి ప్రయత్నించకు, నేను బయట కుర్చీలో కూర్చుంటాను.

అక్క

ఉత్తరం మడిచి మళ్ళీ తెరిచాను. బయట కూర్చోను. లోపలే ఉంటాను. నాకూ వినాలి.